కొసన ఉన్న చీనీ తోట

నేను బడిలో ఇరవై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పాను. వోల్టేజీ పాఠం వచ్చిన రోజు పిల్లల్ని గదిలో కూర్చోబెట్టేవాణ్ని కాదు. చెట్లకు నీళ్లు పెట్టే పొడుగాటి ప్లాస్టిక్ పైపును ఆవరణలో బారుగా పరిపించి, దానికి వరసగా ఆరేడు చోట్ల బొక్కలు పొడిచి, కుళాయి తిప్పించేవాణ్ని. కుళాయి పక్కనున్న బొక్కలోంచి నీళ్లు మోకాలెత్తు లేచేవి. చివరి బొక్కలోంచి వేలెడెత్తు లేచేవి. మొదటి బొక్కను కాస్త పెద్దది చేస్తే చివర నీళ్లు లేవనే లేవవు, ఊరికే కారతాయి. కరెంటు కూడా ఇంతేరా, ముందున్నవాడు గుంజితే వెనకున్నవాడికి అందదు అని చెప్పేవాణ్ని. పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన చూసి, పాఠం చెబితే ఇట్లా చెప్పాలని మెచ్చుకొని పోయాడు కూడా.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదని చెప్పడానికి చెబుతున్నాను. ఎవరో చదువురాని మనిషి ఈ పని చేసి ఉంటే పాపం వానికేం తెలుసు అనేవాళ్లం. నాకు తెలుసు. బొక్క పెద్దది చేస్తే ఏమవుతుందో ఏటేటా నలభై మంది పిల్లలకు నా చేత్తో చూపించినవాణ్ని.

నేను కమలాపురంలో కాపురం ఉండేవాణ్ని. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా పల్లె. నాన్న పోయాక నాలుగెకరాల పొలం నా చేతికి వచ్చింది. బోరు వేయించి, డ్రిప్ పైపులు పరిపించి, బొప్పాయి పెట్టాను. రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. దాని నుంచి బయల్దేరిన వైరు మీద పన్నెండు బోరు మోటర్లు. మొట్టమొదటిది నాది, ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు స్తంభాల దూరం. అన్నిటికంటే చివరిది ఒక పెద్దాయనది, ముక్కాలు కిలోమీటరు అవతల, వంక, అదే వాగు, దాటిన తర్వాత. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకొని ఆయన్ను నేను మామా అనేవాణ్ని, ఆయన భార్యను అత్తా అనేవాణ్ని. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆయన మాత్రం నన్ను సారూ అనే పిలిచేవాడు.

ఆయనకు నూట ఇరవై చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు ఉండేవి. తొమ్మిదేళ్ల తోట. చీనీ చెట్టు సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. నాలుగైదేళ్లు సాకితే గాని కాయ చూపించదు. మంచి కాపుకు వచ్చాక ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే మళ్లీ లేవదు. పంట పోతే వచ్చే ఏడు వేసుకుంటాం. తోట పోతే మనిషి వయసు పోయినట్టే. ఆ మొగుడూ పెళ్లాలకు వేరే ఆధారం లేదు. వాళ్ల తిండీ గుడ్డా, మందూ మాకూ అంతా ఆ చెట్లే.

వ్యవసాయానికి ఉచితంగా కరెంటు ఇవ్వడం మొదలైన ఒకటి రెండేళ్లకు జరిగిన మాట ఇది. రోజుకు ఏడు గంటలు ఇచ్చేవాళ్లు. ఒక వారం పొద్దున, ఒక వారం ఇంకో పూట. అది ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకని ప్రతి రైతూ ఆటో బిగించుకున్నాడు. ఆటో అంటే అరచేయంత పెట్టె. స్టార్టర్ పక్కన పెట్టి వైర్లు కలిపితే, కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటరును వేస్తుంది. రైతు ఇంట్లో పడుకొని ఉన్నా, పెళ్లిలో ఉన్నా, కమలాపురం సంతలో ఉన్నా నీళ్లు పారుతూనే ఉంటాయి.

వినడానికి ఎంత బాగుంది. జరిగేది మాత్రం వేరు. కరెంటు వచ్చిన క్షణాన పన్నెండు మోటర్లూ ఒక్కసారిగా లేవబోతాయి. మోటరు తిరిగేటప్పుడు తాగే కరెంటు వేరు, లేచేటప్పుడు గుంజే కరెంటు వేరు. లేచేటప్పుడు ఐదారింతలు కావాలి. అందరూ ఒకేసారి గుంజితే వోల్టేజీ పాతాళానికి పోతుంది. అది పోయిందంటే ఏ మోటరూ వేగం అందుకోదు. అందుకోని మోటరు తిరగకుండా మూలుగుతూ ఇంకా ఎక్కువ గుంజుతుంది, దాంతో వోల్టేజీ ఇంకా పడుతుంది. మా ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కిందే కాదు, సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ వైరు మీద ఉన్న అన్ని పల్లెల్లోనూ ఇదే తంతు. ఒక ఊళ్లో మోటర్లు లేస్తుంటే ఇంకో ఊళ్లో బల్బులు ఎర్రబడేవి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేటంత నెమ్మదయ్యేవి. టీవీలో బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది. మా ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. కాలిన ప్రతిసారీ కొత్తది వచ్చేదాకా పొలాలన్నీ నోళ్లు తెరుచుకొని ఉండేవి.

లైన్‌మన్ చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఆటోలు తీసేయండప్పా అంటే, ముందు పక్కనోణ్ని తీయమను అని ప్రతి ఒక్కడూ అన్నాడు. అప్పుడు నేను పూనుకున్నాను. ఒక ఆదివారం పొద్దున అందరినీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పిలిపించి, పుల్ల తీసుకొని నేల మీద వైరు గీసి, స్తంభాలు గీసి, పాఠం చెప్పాను. నాకు పాఠం చెప్పడం ఇష్టం. వినేవాళ్లు తల ఊపుతుంటే ఒళ్లు తెలియదు. వంతులు పెట్టుకుందామన్నాను. కరెంటు రాగానే కొసన ఉన్న పెద్దాయన ఒక్కడే మోటరు వేయాలి. అది బాగా వేగం అందుకున్నాక ఆయన తన ముందున్న రైతుకు సెల్‌లో మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆ రైతు వేసి తన ముందువాడికి ఇవ్వాలి. అట్లా వైరు వెంబడి వెనక నుంచి ముందుకు రావాలి. అందరికంటే ఆఖరున నేను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్నవాణ్ని, నాకు ఎప్పుడు వేసినా వోల్టేజీ ఉంటుంది కాబట్టి నేనే ఆఖరున ఉంటానన్నాను.

ఆ మాటతో అందరూ పడిపోయారు. సారే ఆఖరున ఉంటానంటే మనకేమి అన్నారు. అక్కడికక్కడే పోయి ఆటోలు పెరుక్కొచ్చి స్తంభం మొదట్లో కుప్ప పోశారు. మా వైపు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వస్తే పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టడం అలవాటు. ఆ రోజు స్తంభం ముందర కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరూ దాని మీద చేయి పెట్టి, ఇంక ఆటో పెట్టమని ఒట్టు వేశారు. నేనూ వేశాను. నా ఆటో కూడా ఆ కుప్పలోనే వేశాను. అబద్ధం చెప్పను, ఆ పొద్దు నా మనసులో ఏ కల్మషమూ లేదు.

ఇరవై రోజులు ఏ గొడవా లేకుండా నడిచింది. ట్రాన్స్‌ఫార్మర్ మూలగడం మానేసింది. పెద్దాయన కరెంటు వచ్చే వేళకు ముందే పోయి స్టార్టర్ దగ్గర కూర్చునేవాడు. లైటు వెలగ్గానే పచ్చ బటన్ నొక్కేవాడు. ఆయన మోటరు గుక్క తిప్పుకోకుండా లేచేది. తొమ్మిదేళ్లలో ఇంత సులువుగా నీళ్లు ఎప్పుడూ పడలేదని దారిలో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడట.

తిప్పలు పడింది నేను. మిస్డ్ కాల్ పదకొండు మందిని దాటుకొని నా దగ్గరికి వచ్చేసరికి నేను బడిలో ఉండేవాణ్ని. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక బండి మీద పొలానికి పరిగెత్తి మోటరు వేస్తే, గంటా గంటన్నర నీళ్లు పడేసరికి కరెంటు పోయేది. బొప్పాయి ఆకులు వడలడం మొదలైంది. వేరే మనిషిని పెట్టుకోవచ్చు. నా భార్య ఆ మాట అంది కూడా. ఒక్క మోటరు వేయడానికి మనిషెందుకని కొట్టిపారేశాను. ఒక శనివారం కడపకు పోయి కొత్త ఆటో కొనుక్కొచ్చి బిగించాను.

ఒక్క మోటరే కదా అనుకున్నాను. పన్నెండు ఒకేసారి లేస్తే ముప్పు గాని, రెండు లేస్తే ఏమవుతుంది అని లెక్క వేసుకున్నాను. నాది అనుమతి తీసుకున్న దానికంటే పెద్ద మోటరని ఆ లెక్కలో కలుపుకోలేదు. తనకు కావలసిన జవాబు వచ్చేదాకా లెక్క చేసే పిల్లల్ని నేను ఎంతమందిని కొట్టానో! నా మోటరు బోరు లోపల ఉండేది, పైకి చప్పుడు రాదు. నీళ్లు డ్రిప్ పైపుల్లో పోతాయి, బయటికి కనబడవు. స్టార్టర్ షెడ్డులో, షెడ్డుకు తాళం. ఎవరికీ తెలిసే దారి లేదు. పదకొండు గంటల ప్రాంతంలో స్టాఫ్ రూములో ఉండగా నా వెనకవాడి మిస్డ్ కాల్ వచ్చేది. అప్పటికి నా బొప్పాయి మూడు గంటలుగా నీళ్లు తాగుతూ ఉండేది. ఆ ఫోన్ చూసి నవ్వుకునేవాణ్ని కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నెల తిరగకముందే పెద్దాయన మోటరు కాలింది. ఆయన బటన్ నొక్కిన క్షణానే ఇటు నా ఆటో కూడా పట్టుకునేది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నా పెద్ద మోటరు గుంజితే, ముక్కాలు కిలోమీటరు అవతల ఆయనకు మిగిలేది ఏముంటుంది? రోజూ కాదు. పైనుంచి వోల్టేజీ బాగా వచ్చిన రోజు లేచేది, సన్నంగా వచ్చిన రోజు మూలిగేది. అట్లా మూలిగీ మూలిగీ లోపల తీగ మాడిపోయింది. తక్కిన పదిమందికీ ఏ ఇబ్బందీ లేదు. వాళ్లు వేసే వేళకు నాది వేగం అందుకొని ఉంటుంది. నష్టం నేరుగా ఆయన ఒక్కడి నెత్తి మీద పడింది.

ఆయన మోటరును పైకి తీయించి, కమలాపురంలో కాయిల్ చుట్టించి, మళ్లీ దింపించాడు. ఆ వార్త విన్నప్పుడే ఆటో తీసేద్దామనుకున్నాను. పరీక్షల కాలం, బడిలో ఊపిరి సలపని పని, రేపు తీద్దాం ఎల్లుండి తీద్దాం అని జరుపుకుంటూ పోయాను. మూడు వారాలకు మోటరు మళ్లీ కాలింది. అప్పటికి ఎండలు బాగా ముదిరాయి.

ఈసారి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. అందరివీ బాగున్నాయి, ఆయనదే ఎందుకు కాలుతాంది, ఆ మోటరులోనే ఏదో దోషముంది, దాన్ని ఇట్లాగే ఉంచితే ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా ఎసరు పెడుతుంది అన్నారు. తేల్చమని నన్నే పిలిచారు. నన్ను గాక ఇంకెవర్ని పిలుస్తారు? మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే చేరాం. ముందుగా నేనూ లైన్‌మనూ ఇంకో ఇద్దరూ పెద్దాయన స్టార్టర్ చూసి వచ్చాం. మోటరుకు ఎక్కువ కరెంటు పోతే దానంతటదే ఆపేసే రిలే ఒకటి స్టార్టర్‌లో ఉంటుంది. మాటిమాటికీ ఆగిపోతుందని ఆయన దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేశాడు. ఊళ్లో అందరూ చేసిన పనే. నేనూ చేసిన పనే. స్తంభం నుంచి బోరు దాకా వేసిన వైరు పాతది, మూడు చోట్ల అతుకులు.

అదే పట్టుకున్నాను. పుల్ల తీసుకొని మళ్లీ నేల మీద గీశాను. రిలే తప్పించడం ఎంత తప్పో చెప్పాను. అతుకుల దగ్గర వోల్టేజీ ఎట్లా కారిపోతుందో చెప్పాను. మంచి వైరు, మంచి మోటరు తెచ్చుకునేదాకా దీన్ని లైను నుంచి తీసేయడమే అందరికీ మేలన్నాను. నేను చెప్పినవాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే గొంతు వణకలేదు.

పెద్దాయన తువ్వాలు మోకాళ్ల మీద వేసుకొని అంతా విన్నాడు. వాదించలేదు. ఒక్క మాట అడిగాడు.

“సారూ, నీ మోటరు ఎప్పుడేస్తాండావు?”

ఆయన మామూలుగానే చూస్తున్నాడు. అందరూ ఉన్నారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఒక్క మాట చాలు. నా మీద అరుస్తారు, రెండు రోజులు తిడతారు, అంతే కదా పోయేది. నూట ఇరవై చెట్లు నిలబడతాయి.

“నాది ఆఖరు కదా మామా. మిస్డ్ కాల్ వచ్చినాంక, బడిలో గంట కొట్టినాంక వచ్చి ఏస్తా,” అన్నాను.

ఆయన ఇంకాసేపు నా మొహం వైపే చూశాడు. తర్వాత తువ్వాలు దులుపుకొని లేచి, సారు చెప్పినాక ఇంగేముండాది, తీసేస్తాలే అన్నాడు. లైన్‌మన్ ఆ సాయంత్రమే స్తంభం ఎక్కి ఆయన వైరు విప్పేశాడు.

కొత్త వైరూ కొత్త మోటరూ అంటే మాటలా? ఆయన బంధువుల ఇళ్ల చుట్టూ తిరిగాడు. రేపు రా, ఎల్లుండి రా అన్నారు. ఈలోగా మొగుడూ పెళ్లాలు ఎద్దుల బండి మీద డ్రమ్ములు పెట్టుకొని యాడ నీళ్లు దొరికితే ఆడికి పోయేవాళ్లు. ఒకరోజు అత్త మా పొలానికి వచ్చి, రెండు డ్రమ్ములు నింపుకోనిస్తావా సారూ అని అడిగింది. నింపుకో అత్తా, దినామూ నింపుకో అన్నాను. ఆమె బోరు పక్కనున్న తొట్టిలోంచి బిందెతో ముంచి పోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. చెమటకు రవిక వీపుకు అంటుకుపోయింది. నీ పుణ్యాన ఒక సాలన్నా పచ్చగుంటాది సారూ అంది ఆమె. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాళం తీసి, లోపలికి పోయి, ఆ ఆటోను పెరికి ఆమె ముందర పారేస్తే సరిపోయేది. బండి ఎక్కి బడికి పోయాను.

నేను వాళ్లకు నీళ్లు ఇస్తున్న సంగతి ఊరంతా తెలిసింది. ఎంత ధర్మాత్ముడప్పా సారు అన్నారట. ఇంటికి పోయాక నా భార్య ఆ మాట చెప్పి, మరి ఆ డబ్బా ఎప్పుడు తీస్తావు అని అడిగింది. ఆటో సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. నీకేం తెలుసు వోల్టేజీ గురించి అని గట్టిగా అరిచాను. అన్నం ముందర నుంచి లేచిపోయాను. ఆమె మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఆమె మీద అరవడానికి మాత్రం నా గొంతు బాగానే లేచింది.

చీనీ తోట ఒక్కసారిగా చావదు. ముందు ఆకులు దొప్పల్లాగా ముడుచుకుంటాయి. తర్వాత కొసకొమ్మలు ఎండుతాయి. రాలకుండా మిగిలిన కాయలు నిమ్మకాయంత అయి అట్లాగే గట్టిపడతాయి. నేను రోజూ పొలానికి పోయేటప్పుడు వంక వైపు చూడకుండా పోవడం నేర్చుకున్నాను. వాళ్లు పోసిన డ్రమ్ముల నీళ్లు బండి దారి పక్కనున్న ఒక్క వరసను కొన్నాళ్లు నిలబెట్టాయి. వానలు పడే లోపే అది కూడా ఎండిపోయింది.

నేను ఆటో ఎప్పుడు తీశానో చెప్పాలి. చెట్లను చూసి జాలిపడి తీశానని రాయగలిగితే ఎంత బాగుండేది. పెద్దాయన వైరు విప్పేశాక కొసన మిగిలింది పదకొండో రైతు. ఆయన మోటరు కూడా రెండు మూడు రోజులు మూలిగిందని, లైన్‌మన్ అందరి స్టార్టర్లూ తెరిచి చూస్తాడట అని నాకు తెలిసింది. ఆ సాయంత్రమే పోయి పెరికేశాను. పట్టుబడతానన్న భయంతో తీశాను. సంచీలో వేసుకొని కడపకు పోయి పాత సామాన్ల అంగట్లో పడేసి వచ్చాను. బొప్పాయికి నీళ్లు పెట్టడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నాను. మొదటే కుదుర్చుకోవలసిన మనిషిని.

మర్నాటి నుంచి వైరు మీద వోల్టేజీ దివ్యంగా ఉంది. పదకొండో రైతు మోటరు బటన్ నొక్కగానే లేచింది. అప్పుడు జనం ఏమన్నారో తెలుసా? సారు చెప్పిందే నిజం, ఆ ముసలాయన మోటరు పీకేసినాంకనే కరెంటు బాగుపడింది అన్నారు. నేను నా తప్పు దిద్దుకుంటే అది కూడా ఆయన తప్పుకే సాక్ష్యమైంది. ఇన్నాళ్లూ మన ట్రాన్స్‌ఫార్మర్లు కాల్చింది కూడా ఆయనేనేమో అని ఇద్దరు ముగ్గురు ఆయన మొహం మీదే అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు.

వానలు పడ్డాక ఆయన చెట్లు కొట్టించాడు. వంటచెరకు కోసం ఎవరో వచ్చి రంపాలతో కోసుకుపోయారు. ఆ మొదళ్లు చాలాకాలం నేలలో అట్లాగే ఉండిపోయాయి. ఆయనా అత్తా ఊళ్లోవాళ్ల పొలాలకు కూలికి పోవడం మొదలుపెట్టారు. ఎర్రగడ్డలు, అదే ఉల్లిగడ్డలు, పెరికే రోజుల్లో అందరితో పాటు గట్టున కూర్చొని సద్దిమూట విప్పుకునేవాళ్లు. నేను కనబడితే బాగుండావా సారూ అని ఎప్పటిలాగే పలకరించేవాడు. ఆ పలకరింపు తప్పించుకోవడానికి నేను చుట్టూ తిరిగి వేరే దారిన పోయేవాణ్ని.

మరుసటి ఏడు మా లైనుకు పాతదానికంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. వంతులు బాగా పాటిస్తున్నారని లైన్‌మన్ మా పల్లె గురించి పైవాళ్లకు మంచిగా చెప్పాడట. పొద్దున్నే పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ సారు చేతనే కొట్టించాలని అందరూ పట్టుబట్టారు. పెద్దాయన కూడా వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు. ఆయనకు ఆ లైనుతో పనేమీ లేదు. ఊళ్లో శుభకార్యం కాబట్టి వచ్చాడు. ఎవరో ఆయన్ను చూసి, నువ్వు దూరంగా నిలబడు పెద్దాయనా, నీ గాలి సోకితే ఇది కూడా కాలిపోతాది అని ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు లోపల ఏదో తెగింది. టెంకాయ చేతిలో ఉంది. ఆగండప్పా, ముందు మీకొక మాట చెప్పాలి అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అంతలో పెద్దాయన గబగబా వచ్చి, సారుతో నాకు చిన్న పని ఉండాది అంటూ చేయి పట్టుకొని రోడ్డు అవతలికి లాక్కుపోయాడు.

“చెప్పద్దు సారూ,” అన్నాడు.

ఏం చెప్పబోతున్నానో నీకెట్లా తెలుసు మామా అని అడిగాను.

“రెండోసారి మోటరు కాలినప్పుడు దాన్ని కమలాపురంలో ఇచ్చేసి, నీ షెడ్డు నీడన కూచోనుంటి. కరెంటొచ్చింది. తలుపుకు తాళమేసుండాది, లోపల స్టార్టర్ దబ్‌మని పట్టుకున్యాది. అప్పుడే తెలిసింది.”

“మరి ఆ పొద్దు అందరి ముందర చెప్పచ్చు కదా మామా.”

“అడిగితి కదా సారూ. నీ నోటితో నువ్వే చెప్తావని అడిగితి.”

నాకు ఏడుపు వచ్చింది. ఇప్పుడు చెప్తా మామా అన్నాను. ఆయన నా చేయి ఇంకా వదల్లేదు.

“ఇప్పుడు చెప్తే నా చెట్లొస్తాయా? నీ మాట మీద ఇంతమంది ఆటోలు పెరికినారు. సారే దొంగతనంగా పెట్టుకున్యాడంటే రేపటికి అందరూ మళ్లా పెడతారు. ఇంగ కొసనుండేటోని చెట్లు ఇప్పుడిప్పుడే కాపుకొస్తాండాయి. వాటిని కూడా ఎండబెడతావా?”

ఆ మాట విన్నప్పుడు నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ప్రాణం లేచొచ్చింది. ఆయన కాళ్ల మీద పడాలనిపించలేదు. ఇంక చెప్పే పని లేదు, గండం గడిచింది అనిపించింది. ఆయన నన్ను వద్దన్నాడు, ఇది నా చేతిలో లేదు అని ఆ నిమిషంలోనే ఒక సాకు కూడా సిద్ధం చేసుకున్నాను. కళ్లు తుడుచుకొని ఆయన వెనకే నడిచి వచ్చాను.

అందరూ ఎదురుచూస్తున్నారు. ఏమో చెప్పబోతివి సారూ, ఏమది అని ఎవరో అడిగారు.

మోటర్లకు కెపాసిటర్లు పెట్టించుకోండి, వోల్టేజీ ఇంకా బాగుంటుంది, అదే చెబుదామనుకున్నాను అన్నాను. పెద్దాయన అందరికంటే ముందు తల ఊపాడు.